మన పిల్లలు చదువునవి, చూచునవి



గత సంవత్సరము మా పాఠశాలలో జరిగిన యొక చిన్న సంగతితో ఈ వ్యాసమును ప్రారంభించుచున్నాము. అది మాకు గౌరవము తెచ్చు సంగతి కాదు. అయినను దాచుటకంటె చెప్పుటయే న్యాయమని తలంచితిమి.

ఒకనాటి సాయంకాలము వసతిగృహములో ప్రార్థన జరుగుచుండగా, తొమ్మిదవ తరగతి బాలుడొకడు వేదపుస్తకము చాటున మరియొక పుస్తకము దాచి చదువుచుండుట మా కంటబడెను. మేము దానిని లాగుకొని, పేరైనను చూడక, బీరువాలో బెట్టి తాళము వేసితిమి. అంతటితో నూరకుండక, నవలలును సినిమాలును బాలుర మనస్సుల నెట్లు పాడుచేయుచున్నవో పది నిమిషములు ఉపదేశించితిమి. బాలుడు తల వంచుకొని వినెను. మరునాడు తాళము తీసి చూడగా ఆ పుస్తకము గుఱ్ఱము జాషువ కవిగారి 'గబ్బిలము'.

బాలుని పిలిపించి, ప్రార్థన వేళ వేరొకటి చదువుట తప్పేయని చెప్పి, ఈ పుస్తకముమీద నీకింత ఆశ యేలయని యడిగితిమి. వాడు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట మెల్లగా, "అయ్యగారూ, ఇందులో ఒక పేదవాడు గుడిలోనికి పోలేక గబ్బిలముతో శివునికి కబురు పంపుచున్నాడు. మన గుడిలోనికి అందరును పోవచ్చును గదా. అయినా మా ఊరి గుడిలో మా అమ్మ ఎప్పుడూ వెనుక చాపమీదనే కూర్చుండును. ముందు చాప ఖాళీగా ఉన్నా పోదు. ఎందుకమ్మా అని అడిగితే ఊరకుండుమనును" అనెను.

మాకు వెంటనే ప్రత్యుత్తరము దొరకలేదు. మేము ఎన్నియో ప్రసంగములు చేసినవారమే. వాటిలో ఏ యొక్కటియు ఆ బాలుని నోట ఈ ప్రశ్నను పుట్టింపలేదు. మేము తాళము వేసిన పుస్తకము పుట్టించినది.

క్రైస్తవ గృహములలో పిల్లలు ఏ పుస్తకములు చదువవలెను, ఏ చిత్రములు చూడవలెనను ప్రశ్న క్రొత్తది కాదు. తల్లిదండ్రులు పాఠశాలకు వచ్చినప్పుడెల్ల ఈ మాట యెత్తుచునే యుందురు. మన గ్రంథాలయములో భారతభాగవతము లేలయని కొందరు, కథల పుస్తకము లేలయని కొందరు, వార్షికోత్సవమునాడు చలనచిత్రము చూపుట యేలయని కొందరు అడుగుదురు. మరికొందరు ఇందుకు విరోధముగా, కాలము మారినది, అన్నియు వినోదము కొరకే గదా, పిల్లలను వారి యిష్టమునకు వదలిపెట్టుడని చెప్పుదురు. మాకు ఈ రెండు పక్షములును సమ్మతములు కావు. మొదటి పక్షమువారు తలుపు మూయుదురు. రెండవ పక్షమువారు తలుపు తీసి తాము వెళ్లిపోవుదురు. బిడ్డ రెండు విధముల ఒంటరివాడే యగుచున్నాడు.

ముందుగా మన వేదమేమి చూపుచున్నదో చూతము. బబులోను చెరలో దానియేలును అతని స్నేహితులును కల్దీయుల విద్యను, భాషను నేర్చుకొనిరి. దానిని వారు నిరాకరింపలేదు. నిరాకరించినది రాజు పంపిన భోజనమును మాత్రమే. ఏది పుచ్చుకొనవలెనో ఏది విడువవలెనో యెరిగిన యౌవనులు వారు. పౌలు ఏథెన్సు పట్టణములో ప్రసంగించునప్పుడు ఆ దేశపు కవుల మాటలనే యెత్తి చూపెను. అతడు ఆ కవులను చదువకయో వినకయో యుండినయెడల ఆ సభవారి మనస్సు నెట్లు తట్టగలిగియుండును? ఇక మన ప్రభువు దేవుని రాజ్యమును బోధించినప్పుడు ఎంచుకొనిన వస్తువు లెవ్వి? పిండిలో దాచిన పులిసిన పిండి, సముద్రములో వేసిన వల, ఇల్లు ఊడ్చి వెదకిన నాణెము. దినదిన జీవితములోని వస్తువులలో దైవసత్యమును చూడ నేర్పినవాడు ఆయనయే.

తెలుగుదేశములో సువార్త నడచిన త్రోవయు ఇట్టిదే. విశాఖపట్టణమందలి లండను మిషనువారు, ఆనందరాయరను తెలుగువాని తోడ్పాటుతో తెనిగించిన సువార్తలు మూడు 1812 సంవత్సరమున శ్రీరాంపురములో అచ్చుపడినవి. ఆ యానందరాయనికి తెలుగుభాష రాకయుండినయెడల ఆ గ్రంథము మన పూర్వుల చేతికి ఏ రూపున వచ్చియుండునో! పురుషోత్తమ చౌదరిగారు 1803లో బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, క్రీస్తును స్వీకరించి, తెలుగువారికి పరిచితములైన రాగతాళములలోనే కీర్తనలు రచించిరి. నేటికిని ఆదివారమునాడు మన సంఘములలో వానిని పాడుచున్నాము. దేశపు విద్య మన విశ్వాసమునకు శత్రువని యనువారు, ఈ కీర్తనల పుస్తకమును చేత బట్టుకొని ఆ మాట యనగలరా?

ఇక జాషువగారి చరిత్ర మనకు మరింత దగ్గరిది. ఆయన 1895లో వినుకొండలో జన్మించిరి. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. ఇల్లు క్రైస్తవ గృహమే. బాల్యమునుండి తెలుగు కావ్యములమీదను పురాణములమీదను ఆయనకు మక్కువ. సభలో పద్యము చదువబోయినప్పుడు, ఈ కులమువానిని ఎవరు రానిచ్చిరని పెద్దలు అవమానించిరి. అది యొక గాయము. రెండవ గాయము మనవారు చేసినది. క్రైస్తవుడైయుండి హిందూ పురాణములు చదువుచున్నాడని, ఆ కథలమీద రచనలు చేయుచున్నాడని ఆనాటి క్రైస్తవ సంఘపు పెద్దలు ఆయన కుటుంబమును వెలివేసిరి. కులమును చూచి ఒకరు తలుపు మూసిరి. పుస్తకమును చూచి మరియొకరు మూసిరి.

అట్లు వెలివేయబడినవాడే తరువాత 'క్రీస్తు చరిత్ర' యను కావ్యమును రచించెను. ఆ కావ్యమునకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. తెలుగువారిలో సువార్త కథను వేదపుస్తకములో చదువని యెందరో ఆ పద్యములలో చదివిరి. 1971లో ఆయన దివంగతులైరి. నేడు మన సభలలో ఆయన పేరు చెప్పి గర్వించుచున్నాము. గర్వించుటకుముందు, ఆయనకు మన పెద్దలు చేసినదానిని జ్ఞాపకము చేసికొనుట మంచిది. మా వసతిగృహపు బీరువాకు తాళము వేసిన చేయియు ఆ పెద్దల చేయి వంటిదేయని మేము ఒప్పుకొనుచున్నాము.

జాషువగారి జీవితమున మరియొక చిన్న విశేషము కలదు. 1915, 16 సంవత్సరములలో ఆయన రాజమహేంద్రవరములో సినిమా వాచకుడుగా పనిచేసిరి. నాటి చిత్రములకు మాట లేదు. తెరమీద బొమ్మలు కదలుచుండగా, కథను, సంభాషణలను ప్రక్కనుండి గట్టిగా చదివి వినిపించువాడే వాచకుడు. పిమ్మట ఆయన గుంటూరులో లూథరను మిషనువారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పది సంవత్సరములు బోధించిరి. తెర ప్రక్కను నిలిచి కథ చెప్పినవాడును, మిషను పాఠశాలలో నల్లబల్ల యొద్ద నిలిచి పాఠము చెప్పినవాడును ఒక్కరే. ఈ రెండు పనులును వేరువేరని మాకు తోచుట లేదు.

ఏలయనగా నేటి బిడ్డలకు కొరవడినది ఆ వాచకుడే. పూర్వము సినిమా యూరి చివర డేరాలో నుండెను. నేడు పిల్లవాని అంగీ జేబులో నున్నది. ఒక చిత్రము ముగియకముందే మరియొకటి వచ్చును. దానిని ఎంచినవారు తల్లి కాదు, తండ్రి కాదు, గురువు కాదు. ఆ యంత్రమే వాని చూపును గనిపెట్టి ఎంచి యిచ్చును. వానిలో చెడ్డవి యనేకములు గలవు. ఈ విషయములో నిషేధించువారి భయము నిజమైన భయమే. దానిని మేము తేలికగా ఎంచము. అయితే ఆ చెడుగు చిత్రములో ఎంత యున్నదో, బిడ్డ దానిని ఒంటరిగా, దుప్పటి క్రింద, అడుగుటకు ఎవ్వరును లేక చూచుటలో అంతకంటె ఎక్కువ యున్నది. ఫోను లాగుకొనిన దినమున ఫోను పోవును; ఒంటరితనము పోదు.

మంచి చిత్రములకును వాచకుడు కావలెను. 1978లో 'కరుణామయుడు' అను తెలుగు చిత్రము వచ్చినది. విజయచందరుగారు క్రీస్తు వేషము ధరించిరి. అది 'దయాసాగర్' అను పేర హిందీలోనికిని మార్చబడినది. సువార్త పరిచారకులు దానిని ఊరూర తెరగట్టి చూపిరి. అక్షరము రాని వృద్ధులు సహితము సిలువ మ్రోయు ప్రభువును చూచి వలవల యేడ్చిరి. ఆ కన్నీటిని మేము తక్కువచేయము. కాని యొక ప్రశ్న వేసికొనక తప్పదు. తెర చుట్టి బండిలో బెట్టిన తరువాత ఆ కన్నీరేమైనది? ప్రభువు సమరయ స్త్రీని దాహమడిగిన కథ తెలియనివారు మన సంఘములలో లేరు. అట్లయినను మన యూళ్లలో కొందరి యింటి నీళ్లు కొందరికి నేటికిని పనికిరాకున్నవి. ఏడ్చితిమి గనుక మారితిమని మనస్సు మనలను మోసగించును. చెడ్డ చిత్రము మనలను పాడుచేయునని భయపడు మనము, మంచి చిత్రము చూచి యేమియు చేయక యింటికి పోవుట కేల భయపడము?

కాబట్టి మా అభిప్రాయ మిది. పుస్తకమును గాని చిత్రమును గాని తూచుటకు, ఇందులో ఎవరి మతపు కథ యున్నదని యడుగుట చాలదు; ఇది చూచిన తరువాత నా పొరుగువాడు నాకు దగ్గరయ్యెనా, దూరమయ్యెనా యని యడుగవలెను. పొరుగువానిని ఎగతాళి చేయ నేర్పునది, స్త్రీని అవమానింప నేర్పునది ఎంత భక్తి వేషము వేసినను విడువదగినదే. దీనుని బాధను మన గుమ్మము ముందుకు తెచ్చునది ఎవరు వ్రాసినను చదువదగినదే.

తల్లిదండ్రులకు మా మనవి: దినమునకు అరగంట బిడ్డల ప్రక్కను కూర్చుండుడు. వారు చదువునది చదువుడు, చూచునది చూడుడు, వాచకులు కండు. మీకు చదువు రాకున్నను ఇది మీకు సాధ్యము; బిడ్డచేత చదివించుకొని వినుడు. పూర్వము దీపము ముందర కుటుంబ ప్రార్థనలో ఒకరు చదువగా అందరును వినుచుండిరి గదా. ఉపాధ్యాయులకును పరిచారకులకును మా మనవి: పుస్తకము లాగుకొనకముందు దాని పేరు చూడుడు. విద్యార్థులారా, మీకు మా మాట యిది: దాచి చదువకుడు. చదివినదానిని తెచ్చి మమ్మును ప్రశ్నింపుడు. మాకు ఉత్తరము తెలియనప్పుడు తెలియదని చెప్పుటకు మేము సిద్ధముగా నున్నాము.

కడపటిగా ఆ బాలుని ప్రశ్న సంగతి. పుస్తకమును వానికి తిరిగి యిచ్చితిమి. కోతపండుగకు వాని యూరికి వెళ్లితిమి. పెద్దలు మాకు ముందర కుర్చీలు వేయించిరి. మేము కుర్చీలలో కూర్చుండక వెనుకకు పోయి ఆ చాపమీద కూర్చుంటిమి. వాని తల్లి మమ్మును చూచి బెదరి, చాప విడిచి, ఇంకను వెనుకకు జరిగి గోడ నానుకొని కట్టిక నేలమీద కూర్చుండెను.

మేము మంచి పని చేయుచున్నామని తలంచితిమి. ఆమెకున్న చాపయు పోయినది. ఎన్నియో తరములు నేర్పిన పాఠము ఒక్క ఆదివారమున మరువబడదు. ఆ దినము మొదలుకొని సంఘపు గురువుగారితోను పెద్దలతోను ఈ విషయము మాటలాడుచున్నాము, ఇంకను మాటలాడెదము. ముందు చాపమీది వారు లేచి వెనుకకు వచ్చి, అమ్మా రమ్మని ఆమె చేయి పట్టుకొను దినము వరకు మన పుస్తకములును, మన చిత్రములును, మన ప్రసంగములును తమ పని ముగించినవి కావు. ఆ దినమును మన కన్నులు చూచునట్లు దేవుడు కృప చేయును గాక.