డిక్కీ నిండితే దీపం పైకి లేస్తుంది

సూరత్‌లో మగ్గాల పని వెంట వచ్చి లింబాయత్, ఉధ్నా వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పండక్కో పెళ్ళికో తెలంగాణకు కారులో బయలుదేరేటప్పుడు టైర్లలో గాలి, ఇంజిన్ ఆయిల్ చూసుకుంటారు. హెడ్‌లైట్ విషయంలో మాత్రం వెలుగుతోందా లేదా అన్నదే చూస్తారు, వెలుగు ఎక్కడ పడుతోందో చూడరు. రాత్రిపూట ఎదురొచ్చే బైకు మనిషిని ఇబ్బంది పెట్టేది ఆ రెండో సంగతే.

లెక్క చిన్నదే. డిమ్ లైటును సాధారణంగా 1 శాతం కిందికి వంచి ఉంచుతారు, అంటే 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు. దీపం నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే వెలుగు 70 మీటర్ల దూరంలో రోడ్డును తాకుతుంది. ఇప్పుడు వెనక సీట్లో ముగ్గురు కూర్చున్నారు, డిక్కీలో చీరల మూటలు పెట్టారు అనుకుందాం. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.5 మీటర్లున్న కారు వెనక భాగం రెండున్నర సెంటీమీటర్లు కుంగితే చాలు, ఆ 1 శాతం వంపు కాస్తా పోతుంది. వెలుగు రోడ్డు మీద పడకుండా సూటిగా ఎదుటివారి కళ్ళలోకి వెళుతుంది. డ్రైవరుకు మాత్రం దూరం బాగా కనిపిస్తున్నట్టే ఉంటుంది, అదే చిక్కు.

1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది ఈ విషయం గురించే. దీపానికి 8 మీటర్ల దూరంలో, వాహనం కుడి అంచుకు అర మీటరు పక్కగా, 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు కలగకూడదు. లారీలకు, టాక్సీలకు ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. సొంత కారుకు మొదటి 15 ఏళ్ళు అది లేదు. కాబట్టి ఆ పని ఇంటివాళ్ళే చేసుకోవడం మేలు.

కావలసింది ఒక గోడ, ఒక టేపు. కారు, గోడ ఒకే చదును నేల మీద ఉండాలి. అపార్టుమెంటు సెల్లార్ ర్యాంపు దగ్గర కొలిస్తే అంతా తప్పే. టైర్లలో సరిపడా గాలి నింపి, డ్రైవరు సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, దీపం మధ్యభాగం ఎత్తును 5 మీటర్ల దూరంలోని గోడ మీద గీయాలి. డిమ్ లైటు పై అంచు ఆ గీతకు 5 సెంటీమీటర్లు కింద ఉండాలి. ఎడమవైపు కొంచెం పైకి లేస్తే కంగారు అక్కర్లేదు, రోడ్డు పక్కన నడిచేవారు కనిపించాలని అలా తయారుచేస్తారు. తేడా ఉంటే దీపం వెనకున్న స్క్రూను కొద్దికొద్దిగా తిప్పి సరిచేయవచ్చు. మీ కారుకు ఎంత శాతమో, ఏ స్క్రూ తిప్పాలో కంపెనీ పుస్తకం చూసి చేయండి.

హాలోజన్ దీపపు గిన్నెలో బజారు ఎల్ఈడీ బల్బు బిగించిన కారుకు ఈ శ్రమ చాలావరకు వృథా. అక్కడ వెలుగు చెదిరిపోయి అంచే సరిగా ఏర్పడదు. వెలుగు చాలడం లేదని కొత్త బల్బు కొనేవారు ముందు గోడ దగ్గర ఈ పరీక్ష చేసి చూడాలి.

చాలా కార్లలో స్టీరింగు పక్కన 0 నుంచి 3 వరకు అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. బరువు ఎక్కినప్పుడు దాన్ని పెద్ద అంకె వైపు తిప్పితే దీపం కిందికి వంగుతుంది. ఊళ్ళో సామాను దించాక మళ్ళీ 0కి తెచ్చుకోవాలి. లేకపోతే వంపు 2 శాతం దాకా పోయి, అదే వెలుగు 35 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఆ దూరం రెండు సెకన్లు కూడా పట్టదు.