తప్పు ఒకటే, మూల్యం వేరు

2020 జూన్ 29 రాత్రి పరవాడ ఫార్మా సిటీలోని ఒక కర్మాగారంలో విషవాయువు లీకై ఇద్దరు చనిపోయారు. 2024 ఆగస్టు 21న పక్కనే ఉన్న అచ్యుతాపురం సెజ్‌లో పేలుడు 17 మందిని బలిగొంది. ఇలాంటి ఘోరం జరిగిన ప్రతిసారీ విచారణ, పరిహారం, రాజకీయ పరామర్శలతో పాటు ఒక ప్రశ్న కూడా బయలుదేరుతుంది: తప్పు ఎవరిది? వాల్వు దగ్గర ఏమరుపాటుగా ఉన్నవాడిదా, మరమ్మతు వాయిదా వేసినవాడిదా, తనిఖీకి వచ్చి సంతకం పెట్టి వెళ్లినవాడిదా? ఏమరుపాటు, ఆశ, భయం అందరిలోనూ ఉండేవే. కానీ వాటికి ప్రాణంతో చెల్లించేది ఎప్పుడూ ఒక వరసలోని మనుషులే. ఈ తేడాను చూసే కన్ను విచారణ నివేదికల్లో అరుదుగా దొరుకుతుంది. ఉత్తరాంధ్ర కథకులు, నాటకకర్తలు మాత్రం నూరేళ్లకు పైగా ఆ కంటితోనే మనుషుల్ని చూస్తున్నారు. వాళ్ల పాత్రల్లో వర్గం బయటపడేది కట్టూబొట్టులో, యాసలోనే అనుకుంటే సగమే చూసినట్టు. ఒక బలహీనతకు ఎవరు ఎంత మూల్యం చెల్లిస్తున్నారన్న దగ్గరే అది పూర్తిగా బయటపడుతుంది.

పరవాడ ఉన్న ఈ అనకాపల్లి జిల్లాలోనే, ఎస్.రాయవరంలో, 1862లో పుట్టిన గురజాడ సృష్టించిన గిరీశాన్ని తీసుకోండి. పూటకూళ్లమ్మ సొమ్ము వాడుకుంటాడు, ఆమె వెతుక్కుంటూ వస్తే మంచం కింద దూరతాడు, అబద్ధాన్ని సంస్కరణగా అమ్ముతాడు. అయినా ఎక్కడికి వెళ్లినా పీట దొరుకుతుంది. ఎందుకో కృష్ణరాయపురం అగ్రహారంలోని ఒక సన్నివేశం చెబుతుంది. తల్లి వెంకమ్మ ముందు శిష్యుడు వెంకటేశం, గురువు గిరీశం ఇద్దరూ రీడరు పాఠాల ముక్కల్ని ఇంగ్లీషు సంభాషణలాగా అప్పజెబుతారు. పరీక్ష తప్పిన కొడుకు ఇంత చదివాడా అని ఆ తల్లి మురిసిపోతుంది. ఆ కాలంలో ఇంగ్లీషు చదువు ఒక కొత్త వర్గానికి టికెట్టు. ఆ టికెట్టు చేతిలో ఉన్నవాడి మాటను తనిఖీ చేసే ధైర్యం వెంకమ్మకు లేదు. నాటకం చివర గిరీశానికి పెళ్లి తప్పిపోతుంది తప్ప పెద్ద శిక్షేమీ పడదు. పోయి చదువుకోమంటారు, అంతే. అదే నాటకంలో చిక్కుముడులన్నీ విప్పిన మధురవాణిని మాత్రం, మంచివాడైన సౌజన్యారావు సైతం ఆమె పుట్టిన కులవృత్తిని బట్టే ముందుగా కొలుస్తాడు. గిరీశం మోసానికి రెండో అవకాశం ఉంది, మధురవాణి తెలివికి మొదటి అవకాశమే కష్టం. 1897లో అచ్చై, 1909లో పూర్తిగా మారి వచ్చిన ‘కన్యాశుల్కం’ ఇప్పటికీ నవ్విస్తోందంటే, ఆ లెక్క ఇంకా మారలేదని కూడా అర్థం.

ఈ జిల్లాలోని తుమ్మపాల మూలాలున్న రావిశాస్త్రి ఆ లెక్కను విశాఖ కోర్టు ఆవరణలోకి తెచ్చారు. స్వయంగా ప్లీడరు కనుక, చట్టం ముందు అందరూ సమానమే అన్న మాట ఆచరణలో ఎలా వంకర తిరుగుతుందో ఆయనకు తెలుసు. ‘అల్పజీవి’ నవలలో సుబ్బయ్య గుమాస్తా. బావమరిది ఒత్తిడి మీద కాంట్రాక్టరు గవరయ్య దగ్గర డబ్బు తెచ్చి, ఆ తర్వాత గవరయ్య నీడకు కూడా వణికిపోతాడు. పిరికితనం అతని స్వభావమే, కానీ దానికి తిండి పెట్టి పెంచినవి నెలజీతం, పై అధికారి కనుబొమ్మ, కుర్చీ పోతుందేమోనన్న బెంగ. ‘ఆరు సారా కథలు’లోని ‘మాయ’లో ముత్యాలమ్మది మరో మెట్టు. మద్యనిషేధం రోజుల్లో సారా కేసులో ఇరుక్కున్న ఆమె, పోలీసులూ కోర్టులూ ఎలా నడుస్తాయో కుర్ర ప్లీడరుకే విడమరచి చెబుతుంది. ఆమెకు లోకం తెలుసు, నోరుంది, ధైర్యముంది. లేనిదల్లా తప్పు చేసి తప్పించుకునే స్తోమత. తాగేవాళ్లు అన్ని వర్గాల్లోనూ ఉండగా బోనులో నిలబడేది ముత్యాలమ్మలు కావడం యాదృచ్ఛికం కాదని చెప్పడానికి రావిశాస్త్రికి ఉపన్యాసం అవసరం రాలేదు. ఆమె చేత మాట్లాడించారు, చాలు.

కారా మాస్టారి ‘యజ్ఞం’ మరో అడుగు ముందుకు వేస్తుంది. అక్కడ మనిషిని బలితీసుకునేది అతని సుగుణమే. సుందరపాలెం పంచాయితీలో అప్పల్రాముడి బాకీ తేలాలి. ఊరు బాగుపడింది, రోడ్డు వచ్చింది, బడి వచ్చింది. ఆ బాగుపడటంలోనే అతని కుటుంబం చితికిపోయింది. అయినా పెద్దల మాట మీద గౌరవంతో ఉన్న భూమి ఇచ్చి బాకీ తీర్చడానికి ఒప్పుకుంటాడు. అతని కొడుకు సీతారాముడు తన బిడ్డ పాలేరుగా బతకకూడదని ఆ పసివాణ్ణి చంపేస్తాడు. ఈ ముగింపు మీద తెలుగు విమర్శలో దశాబ్దాల పాటు వాదోపవాదాలు నడిచాయి. ఎటు మొగ్గినా ఒకటి కాదనలేం: నిజాయితీ అన్నది ఆస్తి ఉన్నవాడికి అలంకారం, లేనివాడికి ఉరి. కర్మాగారాల కోసం భూములిచ్చి, అదే గేటు దగ్గర కాంట్రాక్టు కూలీగా నిలబడే కుటుంబాలున్న చోట ‘యజ్ఞం’ పాత కథ అనిపించదు.

ఈ పఠనానికి మొదటి అభ్యంతరం: ఇలా చదివితే పాత్రలన్నీ వర్గం ఆడించే తోలుబొమ్మలైపోవా? కావు. ‘కన్యాశుల్కం’లోని అగ్నిహోత్రావధాన్లు, లుబ్ధావధాన్లు, కరటకశాస్త్రి ఒకే కులంవాళ్లు. ఒకరిది కోపం, ఒకరిది పిసినారితనం, ఒకరిది చమత్కారం. స్వభావం ఎవరిది వారిదే, ఆ స్వభావంతో ఎంతదూరం పోనిస్తారన్నది మాత్రం లోకం చేతిలో ఉంది. రెండో అభ్యంతరం: పేదవాడి తప్పును వెనకేసుకు రావడం కాదా ఇది? చాసో కథ ‘ఎంపు’ చదివినవాళ్లకు ఆ అనుమానం నిలవదు. అందులో ముష్టెత్తుకునే తండ్రి, కూతురు మనసుపడ్డ కుంటివాణ్ణి కాదని గుడ్డివాణ్ణి కట్టుకోమంటాడు. గుడ్డివాడికైతే ముష్టి ఎక్కువ రాలుతుంది. కట్నాల లెక్కలు వేసే పెద్దింటి తండ్రికీ ఇతనికీ స్వార్థంలో తేడా లేదు. చాసో అతన్ని క్షమించమనీ అడగలేదు, తిట్టమనీ అడగలేదు. ఆ లెక్క వెనక ఉన్న ఆకలిని మాత్రం దాచలేదు.

మూడో అభ్యంతరమే అన్నిటికంటే బరువైనది. చదువుకున్న అగ్రవర్ణాల మగవాళ్లు ముత్యాలమ్మలనూ, అప్పల్రాముళ్లనూ ఎంతవరకు తెలుసుకోగలరు? ఈ ప్రశ్న న్యాయమైనదే. సానుభూతితో గీసిన బొమ్మలో కూడా గీసినవాడి కిటికీ చట్రం కనిపిస్తుంది. 1980ల తర్వాత స్త్రీవాద, దళిత సాహిత్యాలు వచ్చి ఆ చట్రాన్ని బద్దలుకొట్టడం వల్లనే తెలుగు కథలో మనిషి నిండుగా కనబడ్డాడు. ఉత్తరాంధ్రలోనే అట్టాడ అప్పల్నాయుడు రైతుల, మల్లిపురం జగదీశ్ ఆదివాసుల బతుకుల్ని లోపలి నుంచి రాశారు. అయితే దీంతో పాతవాళ్లు పనికిరాకుండా పోరు. చూడటానికి వాళ్లిచ్చిన కొలత మిగిలింది, దానితో ఎవరు కొలవాలన్నది మారింది.

పరవాడలో ఈ కొలతకు ఇప్పుడు పని ఉంది. పర్మినెంటు ఉద్యోగి, కాంట్రాక్టు కార్మికుడు, బయటి రాష్ట్రం నుంచి వచ్చిన వలస కూలీ, భూమి ఇచ్చిన రైతు, చేప తగ్గిందని గోడు వెళ్లబోసుకునే గంగపుత్రుడు, అందరూ ఒకే మండలంలో బతుకుతున్నారు. వీళ్లను మంచివాళ్లుగా, బాధితులుగా మాత్రమే రాస్తే అది కరపత్రమవుతుంది. వీళ్లలోని ఆశను, అసూయను, భయాన్ని, ఏమరుపాటును దాచకుండా రాసి, వాటికి ఎవరు ఎంత చెల్లించారో పక్కన రాస్తేనే సాహిత్యం. విద్యార్థులకు పాఠం చెప్పే ఉపాధ్యాయులు గిరీశం హాస్యం దగ్గర ఆగిపోకుండా, అతనికి ఎందుకు శిక్ష పడలేదని కూడా అడిగించాలి. ప్రమాదాల మీద నివేదికలు రాసే అధికారులు, వార్తలు రాసే విలేకరులు తప్పు ఎవరిదో తేల్చడంతో పని ముగించకుండా, ఆ తప్పుకు మూల్యం ఎవరు చెల్లించారో కూడా రాయాలి.