మోకు జారితే కుంగేది ఇల్లంతా

‘తాటిచెట్టు మీంచి పడి గీత కార్మికుడికి తీవ్ర గాయాలు’. తెలంగాణ పత్రికల జిల్లా పేజీల్లో, ముఖ్యంగా కల్లు పారే కాలంలో, ఈ వార్త తరచూ కనిపిస్తుంది. ఊరు, పేరు, తీసుకెళ్లిన ఆస్పత్రి, నాలుగు వాక్యాలు. ఎమ్మెల్యే పరామర్శిస్తే ఇంకో వాక్యం. ఆ తర్వాత ఆ మనిషి సంగతి పత్రికలో రాదు. చనిపోతే దినాలు జరుగుతాయి, ఎక్స్‌గ్రేషియా కాగితాలు కదులుతాయి. బతికి, నడుము కింది భాగం చచ్చుబడిపోతే మాత్రం ఆ ఇల్లు ఏళ్లకేళ్లు ఆ ఒక్క క్షణంతోనే బతకాలి. ప్రభుత్వ పథకాలకు గానీ ఊరి మాటలకు గానీ సరిగా అందనిది ఈ రెండో కథే.

గీత పనిలో ప్రమాదం ఎప్పుడూ పక్కనే ఉంటుంది. నడుముకు మోకు (చెట్టెక్కే తాడు), ముస్తాదు కట్టుకుని నలభై, యాభై అడుగుల తాటిచెట్టును పొద్దున, సాయంత్రం ఎక్కి దిగాలి. అది కూడా ఒక్క చెట్టు కాదు. తడిసిన మొద్దు, అరిగిన మోకు, చేతికి వచ్చేసే ఎండు మట్ట, మీద పడే కందిరీగలు, ఏదో ఒకటి చాలు. కొత్తతరం ఈ పనికి రావడం తగ్గిపోయింది. కాబట్టి చాలా ఊళ్లలో యాభై దాటినవాళ్లే ఇంకా చెట్లెక్కుతున్నారు.

2024 జులై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్ల పంపిణీ మొదలుపెట్టారు. మోకు జారినా మనిషి కింద పడకుండా ఆపే తాళ్లు, బెల్టులు, క్లిప్పుల సరంజామా అది. ఎన్నో ఏళ్ల ముందే రావాల్సిన మంచి పని. ప్రతి గీత కార్మికుడికీ కిట్టు, వాడే శిక్షణ అందాల్సిందే. కానీ ఇప్పటికే పడిపోయినవాళ్లకు ఆ కిట్టుతో పనిలేదు.

వెన్నుపూస విరిగి లోపలి వెన్నుపాము నలిగితే అక్కడి నుంచి దిగువకు మెదడు మాట చేరదు. నడుము దగ్గరైతే కాళ్లు పడిపోతాయి, మెడ దగ్గరైతే చేతులు కూడా. చూడటానికి వచ్చినవాళ్లకు కదలని కాళ్లే కనిపిస్తాయి. మూత్రం, మలం మీద పట్టు పోవడం, చర్మానికి స్పర్శ లేకపోవడం కనిపించవు. తర్వాతి రోజుల్లో ప్రాణం మీదికి తెచ్చేవి ఆ కనిపించనివే. ఒకే వైపు పడుకుని ఉంటే ఒత్తిడికి చర్మం చితికి పుండ్లు పడతాయి, ఎముక దాకా లోతుకు పోతాయి. నొప్పి తెలియదు కాబట్టి రోగి చెప్పలేడు. మూత్రం నిలిచిపోయి ఇన్‌ఫెక్షన్ వస్తే అది కిడ్నీల దాకా పోతుంది.

కొంత నష్టం చెట్టు కిందనే జరుగుతుంది. పడ్డవాణ్ని కంగారుగా నలుగురు చేతులు, కాళ్లు పట్టి ఎత్తి ఆటోలో కుక్కేస్తారు. విరిగిన వెన్నుపూస ఆ కుదుపుకు వెన్నుపామును ఇంకా నలిపేయవచ్చు. మెడ, నడుము వంగనివ్వకుండా, 108 వచ్చేదాకా కదపకుండా ఉంచాలన్న సంగతి ప్రతి గీత సొసైటీలో అందరికీ తెలిసి ఉండాలి. దీనికి బడ్జెట్టు అక్కర్లేదు, ఒక్క పూట శిక్షణ చాలు.

ఆ తర్వాత ఆస్పత్రి. ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచింది. ఆపరేషన్ జరుగుతుంది, రాడ్లు వేస్తారు. ఇక్కడే ఇంటివాళ్లకు స్పష్టంగా చెప్పాల్సిన మాట చాలాసార్లు ఎవరూ చెప్పరు. రాడ్లు ఎముకను నిలబెడతాయి, నలిగిన వెన్నుపామును అతికించవు. ఆ మాట తెలియక ఇల్లాలు ఆరు నెలల్లో లేచి నడుస్తాడని ఎదురుచూస్తుంది. నడవకపోతే ఇంకో డాక్టరు, ఆ పైన ఆకుపసరు, తైలాలు, ఎవరో చెప్పిన ఊరు. ఉన్న అరెకరమో, మెడలో పుస్తెలతాడో ఈ ఆశ కిందే కరిగిపోతుంది. ఆపరేషన్ కోసం చేసిన అప్పు కంటే ఆ తర్వాతి ఆశ కోసం చేసిన అప్పే కుటుంబాలను ఎక్కువగా ముంచుతుందని నా నమ్మకం.

ఇంటికి తెచ్చాక బంధువులు పండ్లు తెచ్చి ‘ప్రాణం దక్కింది, అదే పదివేలు’ అంటారు. నెల తిరిగేసరికి రాకపోకలు తగ్గుతాయి. గీత హక్కు ఉన్నా చెట్టెక్కే మనిషి లేకపోతే ఆ తాటిచెట్లు ఆ ఇంటికి పైసా ఇవ్వవు. సంపాదన భారం భార్య మీద పడుతుంది, కానీ ఆమెకు కూలికి పోయే వీలుండదు. రెండు గంటలకోసారి అతణ్ని పక్కకు తిప్పాలి, మూత్రం గొట్టం చూడాలి, బట్టలు మార్చాలి. ఉపాధి హామీ పని ఊళ్లోనే ఉన్నా పూటంతా ఇల్లు విడిచి ఉండలేదు. ఆమె పోతే బడి మానేసి కూతురు ఉండాలి. ఇంటర్ చదివే కొడుకు హైదరాబాదులో డ్రైవింగ్‌కో, క్యాటరింగ్‌కో చేరతాడు. పడ్డది ఒక్కరైనా ముగ్గురి చదువు, సంపాదన, వయసు ఆ మంచానికి కట్టుబడిపోతాయి.

అతని మనసు సంగతి ఎవరూ అడగరు. నిన్నటిదాకా ఊరందరి కంటే ఎత్తున నిలబడి పనిచేసిన మనిషి, ఇవాళ దొడ్డికి పోవాలన్నా కూతురినో కోడలినో పిలవాలి. ఆ సిగ్గుకు తిండి తగ్గించేవాళ్లు, నీళ్లు తాగడం మానేసేవాళ్లు ఉంటారు. నీళ్లు తగ్గితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. భార్యాభర్తల మధ్య దగ్గరితనం గురించి ఏ డాక్టరూ మాట్లాడడు, వాళ్లూ అడగలేరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో కోటీ యాభై లక్షల మందికి పైగా వెన్నుపాము గాయంతో బతుకుతున్నారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఇలా పడిపోయినవాళ్లలో చాలామంది పుండ్లతో, మూత్ర ఇన్‌ఫెక్షన్లతో కొద్దికాలంలోనే చనిపోయేవారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్‌లో లుడ్విగ్ గుట్‌మన్ అనే వైద్యుడు ప్రత్యేక విభాగం పెట్టి ఆ రాత మార్చాడు. ఆయన దగ్గర కొత్త మందో, అద్భుతమైన ఆపరేషనో లేదు. రాత్రీపగలూ వేళకు పక్కకు తిప్పించాడు, మూత్రం విషయంలో శుభ్రత పాటించాడు, మంచం మీంచి లేపి పనిలో, ఆటలో పెట్టాడు. 1948లో అక్కడ మొదలైన ఆటల పోటీలే తర్వాత పారాలింపిక్స్ అయ్యాయి. ఈ గాయంలో ప్రాణం నిలిపేది నర్సింగ్ అని అప్పుడే తేలింది. మన ఊళ్లలో ఆ నర్సు ఆ ఇంటి ఇల్లాలే. ఆమెకు శిక్షణ లేదు, జీతం లేదు, సెలవు అసలే లేదు.

మన దగ్గర్లో వెల్లూరు ఉంది. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేస్తూ 1954లో కారు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడిపోయిన డాక్టర్ మేరీ వర్గీస్, తాను చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం ప్రారంభమైంది. రోగికి కుర్చీలోకి మారడం, చేతులతో పని చేసుకోవడం నేర్పడంతో పాటు, వెంట వచ్చిన ఇంటి మనిషికీ అక్కడ శిక్షణ ఇస్తారు. అలాంటి కేంద్రాలు తెలుగు జిల్లాల్లో ఎన్ని ఉన్నాయని అడిగితే తల దించుకోవాల్సిందే.

ఇక డబ్బు. చెట్టు మీంచి పడి చనిపోతే తెలంగాణలో రూ.5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఉంది. శాశ్వత వైకల్యానికీ సాయం ఉంది. కానీ అది ఒక్కసారి వచ్చేది, ఇంటికి చేరేసరికే వడ్డీ వ్యాపారి వాకిట్లో ఉంటాడు. నెలనెలా వచ్చే వికలాంగుల పింఛను 2023లో రూ.4,016 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి పూర్తిగా మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు రూ.15,000 ఇస్తున్నారు. అదే దెబ్బ తిన్న మనిషి రెండు రాష్ట్రాల సరిహద్దులో మట్టపల్లి దగ్గర కృష్ణకు ఈ ఒడ్డున ఉన్నాడా, ఆ ఒడ్డున ఉన్నాడా అన్నదాన్ని బట్టి సాయం ఇంత మారడం అన్యాయం. ఈ ఒక్క విషయంలో తెలంగాణ పొరుగు రాష్ట్రాన్ని చూసి నేర్చుకోవాలి.

పింఛను రోగి పేరు మీద వస్తుంది. చూసుకునే మనిషికి ఏముంది? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 24వ సెక్షన్, తీవ్రంగా ఆధారపడి బతికేవారి కోసం సంరక్షకుల భత్యం ఉండాలని స్పష్టంగా చెప్పింది. కేరళ ‘ఆశ్వాసకిరణం’ పేరుతో మంచానపడ్డవాళ్లను చూసుకునే ఇంటి మనిషికి నెలకు రూ.600 పెట్టింది. చాలా తక్కువ మొత్తమే, కానీ ఆమె చేసేది పని అని ఒక ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకుంది. అక్కడ పంచాయతీల ద్వారా నర్సులు ఇళ్లకు వెళ్లి పుండ్లు కడుగుతారు, గొట్టాలు మారుస్తారు. తెలంగాణలోనూ జిల్లా పాలియేటివ్ కేర్ కేంద్రాలు, ఇళ్లకు వెళ్లే ‘ఆలన’ వాహనాలు ఉన్నాయి. వాటి ధ్యాస ఎక్కువగా క్యాన్సర్ రోగుల మీద ఉంది. నడుము పడిపోయిన గీత కార్మికుడి గుమ్మం ముందు కూడా ఆ వాహనం ఆగాలి.

కాబట్టి కిట్ల పంపిణీతో పాటు ప్రభుత్వం మూడు పనులు వెంటనే చేయాలి. పడిపోయిన ప్రతి మనిషి ఇంటికీ ఆలన నర్సును పంపి ఇల్లాలికి నేర్పించాలి. గాలి పరుపు, గొట్టాలు, చక్రాల కుర్చీ ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడే ఇవ్వాలి. 24వ సెక్షన్ ప్రకారం సంరక్షకుల భత్యాన్ని ఆమె పేరు మీద, ఆమె ఖాతాలో వేయాలి. చట్టం వచ్చి ఎన్నో ఏళ్లయింది, ఆమెకు ఇంకా ఒక్క రూపాయి చేరలేదు.