నెగెటివ్ భద్రం... జ్ఞాపకం పదిలం!

హబ్సిగూడ, తార్నాక వైపు ఇల్లున్న వాళ్లకు చుట్టాలొస్తే ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు ఫోటో తప్పదు కదూ! 1939లో ప్రారంభమైన ఆ గులాబీ రాతి భవనం ఎంత పొడుగో, మన బలగమూ అంత! భవనమంతా పట్టాలని వెనక్కి వెళితే మనుషులు చీమలైపోతారు. సెల్‌ఫోన్ తిప్పుతూ తీస్తుంటే పిల్లాడు కదిలాడా, బొమ్మ అతుకులే!

ఇలాంటి పొడుగు ఫోటోని ఒక్క నొక్కుతో తీసేది హాసెల్‌బ్లాడ్ ఎక్స్‌పాన్ కెమెరా. ఫూజీ కంపెనీతో కలిసి 1998లో తెచ్చారు. తయారీ ఆగిపోయింది, ఇప్పుడు పాతవే దొరుకుతాయి. రీలు మాత్రం మామూలు రంగుల రీలే. మామూలు బొమ్మ పొడవు 36 మిల్లీమీటర్లయితే దీనిది 65. అందుకే 36 ఫోటోల రీలుకు 21 మాత్రమే వస్తాయి. కిటికీలో రెండుగా కనిపించే బొమ్మ ఒకటయ్యేదాకా రింగు తిప్పితే ఫోకస్ కుదిరినట్టే. అంచులు నల్లబడకుండా ఎఫ్ 8 గానీ 11 గానీ పెట్టాలి. రంగుల నెగెటివ్‌కు వెలుతురు కాస్త ఎక్కువైనా ఫరవాలేదు, తక్కువ కాకూడదు.

రీలు కడగడానికిచ్చేటప్పుడు "ముక్కలు చేయవద్దు" అని కవరు మీద రాయండి. అలవాటు కొద్దీ 36 లెక్కన కత్తిరించారో, పెదనాన్నగారు సగం ఈ ముక్కలో, సగం ఆ ముక్కలో! స్కానింగ్‌కి మూతలో లైటున్న బల్ల స్కానర్ మేలు. అంగుళానికి 2400 చుక్కల చొప్పున చేయిస్తే 20 అంగుళాల ప్రింటు శుభ్రంగా వస్తుంది. నెగెటివ్ నారింజ రంగులో ఉందని కంగారు పడకండి. రంగులు సరిగ్గా రావడానికి ఫిల్ములోనే పెట్టిన రంగది. స్కాన్ చేశాక దాన్ని తీసేస్తారు.

ఈ కెమెరా మనింట్లో లేకపోవచ్చు. కానీ 1990లలో పెళ్లయిన వాళ్ల బీరువాలో నెగెటివ్‌లు ఉండే ఉంటాయి. "ప్రింటుందిగా" అని దసరా దులుపుళ్లలో పారేయకండి సుమా! గోడ మీది ప్రింటు వెలిసిపోయినా, నెగెటివ్ బాగుంటే అమ్మ పట్టుచీర రంగు మళ్లీ రాబట్టుకోవచ్చు. అయితే నెగెటివ్ రంగులూ శాశ్వతం కావు, చీకట్లో ఉన్నా మెల్లగా వెలుస్తాయి. చెమ్మ తగిలితే బూజు పట్టి బొమ్మను తినేస్తుంది. పోయింది ఎవరూ తిరిగి తేలేరు.

అందుకే ఈ జాగ్రత్తలు:

* అంచులు పట్టుకునే తీయండి. తడిగుడ్డతో, చీర చెంగుతో తుడవకండి.
* ఫోటో సామాను షాపుల్లో దొరికే నెగెటివ్ కవర్లలో పెట్టి, బిగుతు మూతున్న డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో ఉంచండి.
* కలరా ఉండలు వేయకండి. అటక మీద వేడికి పెట్టకండి.
* స్కాన్ చేసినవి రెండు చోట్ల దాచండి. ఆ తర్వాత కూడా నెగెటివ్ పారేయకండి.

అన్నిటికన్నా ముందు కవరు మీద ఎవరెవరున్నారో, ఏ సంవత్సరమో రాయండి. ఆ ముఖాలను గుర్తుపట్టి చెప్పగల పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే చేయాల్సిన పని ఇది!