ప్రోటీనుకు పెట్టిన బొట్టు

కంఠసర్పి అన్న మాట మన పిల్లలకు తెలియదు. అమ్మమ్మల తరానికి బాగా తెలుసు. గొంతులో బూడిదరంగు పొర కట్టి, ఊపిరాడకుండా చేసి పసివాళ్ళను ఎత్తుకుపోయిన జబ్బు అది. ఇంగ్లీషువాళ్ళ డిఫ్తీరియా. ఇక్కడ అమెరికాలో పిల్లల టీకాల కార్డు మీద ‘డీటాప్’ అని ఉంటుంది చూడండి, అందులో మొదటి అక్షరం దీనిదే. రెండో నెలలో మొదలుపెట్టి బడిలో చేరేలోపు అయిదుసార్లు పొడుస్తారు. ఎప్పటిదో పాత జబ్బులే అనుకోకండి. హైదరాబాదు నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి 2003–2006 మధ్య కూడా ఈ రోగులు వస్తూనే ఉన్నారు.

ఈ జబ్బు తెచ్చే సూక్ష్మజీవి ఒక విషం వదులుతుంది. ఆ విషం మన కణాల్ని చంపే పద్ధతి చాలా చిత్రమైనది. అందులోని కిటుకు చాలావరకు బయటపడింది మనం రొట్టెపిండిలో కలిపే ఈస్ట్ వల్ల.

ముందు కొంచెం పూర్వరంగం. మన కణమైనా, ఈస్ట్ కణమైనా ప్రోటీన్లు తయారుచేసుకునే తీరు ఒక్కటే. డీఎన్ఏ నుంచి నకలు తీసుకున్న ఆర్ఎన్ఏ అనే పట్టీ ఒకటి ఉంటుంది. దాని మీద మూడేసి అక్షరాలు కలిస్తే ఒక మాట. రైబోసోము అనే యంత్రం ఒక్కో మాట చదివి, దానికి తగిన అమైనో ఆమ్లాన్ని దండకు గుచ్చుతుంది. ఒకటి గుచ్చగానే పట్టీని సరిగ్గా మూడక్షరాలు జరపాలి, ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఆ జరిపే పనివాడి పేరు ఈఎఫ్-2. ఇతగాడూ ఒక ప్రోటీనే.

దండ పూర్తయ్యాక కణం ఊరుకోదు. పెళ్ళికూతురికి ముస్తాబు చేసినట్టు ఇక్కడో ఫాస్ఫేటు, అక్కడో మిథైలు అతికిస్తుంది. వీటిని నేను బొట్లు అంటాను. చూడటానికి చిన్నవే గానీ పెత్తనం పెద్దది. ఈస్ట్‌కి అమైనో ఆమ్లాల కరువు వచ్చిందనుకోండి, దండ గుచ్చే పనికి శ్రీకారం చుట్టే ఈఐఎఫ్-2 అనే మరో ప్రోటీను మీద ఒక్క ఫాస్ఫేటు బొట్టు పెట్టి, మొత్తం ఉత్పత్తినే తగ్గించేస్తుంది.

మన ఈఎఫ్-2 మీద ఉన్న బొట్టు మాత్రం మరే ప్రోటీను మీదా కనిపించదు. ఈస్ట్‌లో అయితే 699వ స్థానంలో ఉన్న హిస్టిడిన్‌ను మార్చి మార్చి, ‘డిఫ్తమైడ్’గా తయారుచేస్తారు. పేరులోనే డిఫ్తీరియా ఉంది, ఎందుకంటే ఆ విషం వెతుక్కుంటూ వచ్చేది దీని కోసమే. దాని మీద ఇంకో పెద్ద ముక్క అతికించేసరికి ఈఎఫ్-2 చేతులు కట్టేసినట్టు అయిపోతుంది. విషం అక్కడితో ఆగక ఇంకో ఈఎఫ్-2 మీదికి, తర్వాత మరోదాని మీదికి పోతుంది. కణం లోపలికి చేరిన ఒక్క అణువు చాలు ఆ కణాన్ని చంపడానికని 1978లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. మరి ఆ విషం తయారుచేసే సూక్ష్మజీవికి ఏమీ కాదా అంటారా? బాక్టీరియాకి ఈ బొట్టు లేదు!

ఇక ఈస్ట్ సంగతి. మన కణాల మీద ఈ విషం దూరే తలుపు ఉంది, ఈస్ట్‌కి అది లేదు. అందుకని శాస్త్రవేత్తలు విషం తయారుచేసే జన్యువునే ఈస్ట్ లోపల పెట్టారు. కణాలు కుప్పలుగా చచ్చిపోయాయి. అక్కడక్కడా కొన్ని బతికాయి. వాటికి ఈఎఫ్-2 మీద బొట్టు లేదు. ఏ జన్యువు చెడితే బొట్టు పోతోందో వెతుక్కుంటూ పోతే డీపీహెచ్-1 మొదలు డీపీహెచ్-7 దాకా ఏడు తేలాయి. చివరి రెండూ దొరికింది 2010ల్లోనే. ఇందులో ఒకటి మిథైళ్ళు అతికిస్తే, తర్వాత ఇంకొకటి వచ్చి వాటిలో ఒకదాన్ని పీకేస్తుంది. మా ఆఫీసులోనూ ఇలాంటి ప్రోగ్రాములు ఉన్నాయి లెండి.

ఒక్క బొట్టుకి ఏడు జన్యువులు! పైగా బొట్టు లేని ఈస్ట్ ప్రయోగశాలలో బాగానే పెరుగుతోంది. ప్రోగ్రాములు రాసుకుని బతికేవాణ్ణి కనక నాలాంటివాడికి మొదట తోచేది, ఇది ఎవరికీ అక్కర్లేని కోడ్, తీసిపారెయ్యమని. కానీ ఈస్ట్ దారీ మన దారీ విడిపోయి వంద కోట్ల సంవత్సరాలు దాటింది. అన్నాళ్ళూ రెండు వైపులవాళ్ళూ దీన్ని పారెయ్యకుండా దాచుకున్నారంటే ఏదో అవసరం ఉండే ఉండాలి.

2006లో ఈస్ట్ మీద చేసిన పని కొంత జవాబు చెప్పింది. పిల్లలూ, ‘రమణ కడవ కడిగె’ అని రాసి, మూడేసి అక్షరాలుగా చదవండి. రమణ, కడవ, కడిగె. సరిపోయింది. ఇప్పుడు మొదటి మాట చదివాక ఒక్క అక్షరం వెనక్కి జారండి. రమణ, ణకడ, వకడి, గె... ఇక చివరిదాకా అంతా అయోమయం. బొట్టు లేని ఈస్ట్‌లో రైబోసోము ఇలా వెనక్కి జారడం పెరిగింది. ఈఎఫ్-2 తన వేలి కొసను సరిగ్గా అక్షరాలు చదివే చోట పెడుతుంది, బొట్టు ఉండేది ఆ కొసలోనే. చదువుతున్న చోటు తప్పిపోకుండా వేలు పెట్టి పట్టుకోవడం అన్నమాట.

సీసాలో చక్కెరనీళ్ళు తాగి పెరిగే ఈస్ట్‌కి ఆ కాస్త తప్పులు లెక్కలోవి కావు. పెద్ద ఒళ్ళున్న ప్రాణులకి అలా కుదరదు. ఈ బొట్టు పెట్టలేని ఎలుకపిల్లలు కడుపులోనో, పుట్టగానేనో చనిపోతాయి. 2015లో మనుషుల్లోనూ కనిపించింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు డీపీహెచ్-1 ప్రతులూ దెబ్బతిన్న పిల్లలు కొందరు. ఎదుగుదల తక్కువ, మాటలు ఆలస్యం, జుట్టు పలచన. చాలా అరుదైన జబ్బు, ఎవరూ కంగారుపడక్కర్లేదు.

అయితే జన్యుపరీక్షలో ఏదో మార్పు కనిపించినంత మాత్రాన అదే కారణమని చెప్పలేం. మార్పులు అందరిలోనూ ఉంటాయి. అందుకని పరిశోధకులు అదే మార్పును ఈస్ట్ జన్యువులో చేసి, లోపల కంఠసర్పి విషం పుట్టించి చూస్తున్నారు. ఈస్ట్ చచ్చిపోతే బొట్టు పడుతోందన్నమాట, ఆ మార్పు వల్ల భయం లేదు. బతికి బట్టకట్టిందంటే మాత్రం డాక్టరు ఆ అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి మాట్లాడవలసి వస్తుంది.