ఎలుక తలా, మనిషి తలా

తలదెబ్బల మీద పరిశోధనకు ప్రయోగశాలలో ఎలుకకు ముందు మత్తిస్తారు. తర్వాత 1994లో మార్మరూ బృందం చూపిన పద్ధతిలో, పుర్రెకు అంటించిన ఉక్కుబిళ్ల మీద 450 గ్రాముల బరువును రెండు మీటర్ల ఎత్తునుంచి వదులుతారు. కొలిచినట్టు పడే దెబ్బ! తిరుపతి దగ్గరి భాకరాపేట ఘాట్‌లో హెల్మెట్ లేకుండా బండి మీంచి పడ్డవాడికి ఆ భాగ్యమేదీ? పైగా ఎలుక మెదడు నునుపు, మనిషిది ముడతలమయం. తలదెబ్బకు మందుగా ఎలుకల్లో ఆశపెట్టిన ప్రొజెస్టిరాన్ హార్మోన్, మనుషుల మీద జరిపిన రెండు పెద్ద పరీక్షల్లో పనిచేయలేదని 2014లో తేలింది. ఎలుకనని ఏం లాభం? బండి గుద్దిన కుక్కకు తగిలేది మాత్రం మనిషిలాగే వేళాపాళా లేని దెబ్బ. దాని మెదడుకూ ముడతలున్నాయి. తిరుపతిలో పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది, స్విమ్స్ ఆసుపత్రి 1993 నుంచి రోగులను చూస్తోంది. కొత్తగా ఏ జంతువు తలా పగలగొట్టక్కర్లేదు. చికిత్సకొచ్చిన కుక్కల కేసు షీట్లనూ మనుషులవాటినీ ఈ రెండు సంస్థలూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.