బొమ్మ పోతే డాబా ఎక్కొద్దు!

సీరియల్ మంచి రసపట్టులో ఉండగా టీవీ మీద ‘నో సిగ్నల్’ అని పడుతుంది. ఇంటాయన గబగబా డాబా ఎక్కి డిష్‌ని అటూ ఇటూ తిప్పేస్తారు. అసలు చిక్కు అప్పుడే మొదలవుతుంది. డిష్ ఒకటి రెండు డిగ్రీలు జరిగినా ఉపగ్రహం గురి తప్పుతుంది.

ముందు ఎన్ని ఛానెళ్లు పోయాయో చూడండి.

అన్నీ పోయాయా? వాన పడుతుంటే కాసేపు ఆగండి. డీటీహెచ్‌కి వాడే కేయూ బ్యాండ్ తరంగాలను చినుకులు బలహీనపరుస్తాయి. వాన తగ్గితే బొమ్మ దానంతటదే వస్తుంది. ఉరుములు, మెరుపుల్లో తడి డాబా ఎక్కితే ప్రాణానికే ముప్పు. వాన లేకపోతే స్విచ్ ఆపి, బాక్సు వెనక కేబుల్ బిగించి, మళ్లీ వేయండి.

కొన్నే రావట్లేదా? మళ్లీ స్కాన్ చేయండి. డీడీ ఫ్రీ డిష్ వాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: పాత ఎంపెగ్-2 బాక్సులో ఎంపెగ్-4 ఛానెళ్లు ఎన్నిసార్లు వెతికినా రావు. పే ఛానెళ్లయితే రీఛార్జి గడువు, ప్యాకేజీ చూసుకోండి.

బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతోందా? మన ప్రాంతంలో డిష్‌లు ఎక్కువగా దక్షిణం, ఆగ్నేయం వైపు చూస్తుంటాయి. నిరుడు లేని వేపకొమ్మ ఈ ఏడు అడ్డొచ్చిందేమో కింద నుంచే గమనించండి.

అప్పటికీ రాకపోతేనే మెకానిక్‌కి ఫోన్ చేయండి.